తిరుగు గుర్రం

బండిని ఎలా కట్టెయ్యాలో ఎర్సీలియా పిన్నికి నేర్పినవాడు జైల్లో ఉన్న ఆమె కొడుకే. సబాతో జైలుకెళ్ళిందే ఊళ్ళోవాళ్ళ మోటారు సైకిళ్ళు కాజేసి కాబట్టి, ఆ విద్యలో అతన్ని మించిన గురువు నాపోలిలో మా సానితా పేటంతా గాలించినా దొరకడు.

ములాఖత్ గదిలో రాతి బల్లకు అవతల కూర్చుని చెప్పాడు. "గొలుసు నేలకి తగలకూడదమ్మా. నేలమీద పడుంటే దాని మీద సుత్తి ఆడించడం పిల్లల ఆట. గాలిలో వేలాడాలి. ముందు చక్రానికి మాత్రం కట్టకు, ఆ చక్రం నీకొదిలేసి మిగతాది పట్టుకుపోతారు. వెనక చక్రంలోంచి, చట్రంలోంచి తీసి కట్టు. తాళం రంధ్రం కిందికి చూస్తుండాలి. పైన దుప్పటి కప్పు. ఏ బండో తెలీకపోతే సగం మంది దాని జోలికే రారు."

పక్కన కూర్చున్న కాటెల్లోకు నవ్వాగలేదు. దగ్గినట్టు నటించాడు.

"నీకెందుకురా నవ్వు, సన్నాసీ?" అంది ఎర్సీలియా.

"ఏం లేదు పిన్నీ. నక్క కోళ్ళగూటికి తలుపు ఎలా పెట్టాలో చెబుతుంటేనూ..."

సబాతో కూడా నవ్వేశాడు. ఆమె మాత్రం నవ్వలేదు. కొడుకు చెప్పినవన్నీ పెదవుల మీద ఒకసారి తిరగేసుకుని వల్లె వేసింది.

కాటెల్లో ఆమెకు సొంత అక్క కొడుకేమీ కాదు. సబాతోకు చిన్ననాటి నేస్తం. పక్క సందులో బండ్లు బాగుచేసే కొట్టు ఉంది. జైల్లో మాత్రం సబాతోకు పెద్దమ్మ కొడుకునని చెప్పుకుని ములాఖత్‌కు అనుమతి తెచ్చుకున్నాడు. ఆమెకు మరో దిక్కు లేదు. భర్త అనియెల్లో ఎప్పుడో పోయాడు. ఆయన వదిలివెళ్ళింది ఒక ఒంటిగది కాపురం, ఒక ఎర్ర గుజ్జీ కంపెనీ మోటారు సైకిలు. అది తుప్పుపట్టి చెక్కల కింద పడివుంటే, సబాతో, కాటెల్లో కలిసి ఒక చలికాలమంతా కూర్చుని ఒక్కొక్క మరా విప్పి, తోమి, బిగించి లేపారు. అది లేచినరోజు సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. దాని గొంతు అలాంటిది. లోతుగా, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఊపిరి పీల్చుకున్నట్టు మోగుతుంది. 

"నేను కాజెయ్యని బండి లోకంలో అదొక్కటేనమ్మా" అన్నాడు సబాతో ఆ రోజు, లేవబోతూ. "నేను బయటికొచ్చేసరికి అది ఉంటే, దాని మీద చేపల మార్కెట్టుకి పనికి పోతాను. అది లేకపోతే ఈ చేతులు మళ్ళీ ఏం చేస్తాయో నాకే భయం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొడుకు మనిషవడం ఆ బండి మీద ఆధారపడి ఉందని తల్లి ఆ క్షణాన నమ్మేసింది. నమ్మింది అంటే మామూలుగా కాదు, మరియమ్మ తల్లిని నమ్మినట్టు నమ్మింది.

మా పేటలో చాలామంది రాత్రయితే బండిని ఇంట్లోకే లాక్కుంటారు. మంచం పక్కన ఒకడు, బండి పక్కన ఒకడు పడుకున్న కాపురాలు ఎన్నో. ఎర్సీలియా గదికి ఎత్తు మెట్లున్నాయి, గుజ్జీయేమో దున్నపోతు బరువు. అందుకని ఎదురుగోడకు ఉన్న మరియమ్మ గూటికి కట్టింది. గోడలో చిన్న గూడు, దానికి ఇనుప ఊచలు, లోపల దీపం, నీలం పైటతో మరియమ్మ పటం, పటం చుట్టూ సందులో చనిపోయినవాళ్ళ ఫొటోలు. అనియెల్లో ఫొటో కూడా అక్కడే ఉంది. ఆ తల్లి ఊచలకు కట్టిన వస్తువును మా పేట దొంగ ముట్టడు. కానీ నాపోలిలో పేటకొక దొంగ. పక్క పేటవాళ్ళకు మా మరియమ్మ అంటే అంత మొహమాటం ఉండదు కదా. అందుకే గొలుసు పక్కన కుర్చీ కూడా వెలిసింది. పొద్దున కాఫీ గిన్నె దింపాక ఆమె ఆ కుర్చీలో కూర్చుంటే, మళ్ళీ లేచేది పొయ్యి వెలిగించడానికే.

మొదట్లో కాటెల్లో ఆమె బాధ చూడలేక కూతపెట్టే యంత్రం ఒకటి బిగించాడు. ఎవరు ముట్టుకున్నా అరుస్తుంది. ఎదురింటి తితీనా పిల్లికి ఆ బండి సీటే పడకగది అయిపోయింది. అది ఎక్కినప్పుడల్లా కూత, దిగినప్పుడల్లా కూత. వారం తిరిగేసరికి సందులో ఎవరూ ఆ కూతకి తలెత్తి చూడటమే మానేశారు. తితీనా మాత్రం నడుముకు చేతులు పెట్టుకుని బయటికొచ్చింది.

"వదినా, ఆ మాయదారి మోతైనా తీసెయ్, నన్నైనా శ్మశానానికి పంపెయ్! అయినా నాకు తెలీక అడుగుతా, బండిని నువ్వు కాస్తున్నావా, నిన్ను బండి కాస్తోందా?"

"నీ పిల్లిని కాస్తున్నానే. ఎవడైనా ఎత్తుకుపోతే నువ్వు ఏడుస్తావని."

"ఏం చోద్యమమ్మా! నీ కొడుకు ఎత్తుకుపోయిన బండ్లకి కూడా ఇలా ఎవరి తల్లులైనా కూర్చున్నారా?"

సందు గతుక్కుమంది. తితీనా నోరు జారిందని ఆమె మొహమే చెప్పింది. ఎర్సీలియా కాసేపు గొలుసు వైపు చూసింది.

"కూర్చోలేదే. కూర్చుని ఉంటే బాగుండేది" అంది. "కోర్టుకి ఒకతనొచ్చాడు, గుర్తుందా? రొట్టెలు పంచే మనిషి. బండి పోయాక పని కూడా పోయిందని జడ్జీ ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు నా చెవుల్లోంచి పోలేదు. అందుకే కూర్చున్నాననుకో."

కాటెల్లో ఆ కూత యంత్రాన్ని ఊడబీకాడు. ఆ తర్వాత తితీనా ఇక ఎత్తిపొడవలేదు. పైగా చలిరోజుల్లో వేడి చారు గిన్నె తెచ్చి, "పిల్లికి ఎక్కువైంది, తాగు" అని ఇచ్చేది.

ఆదివారం వస్తే మాత్రం ఎర్సీలియా మొహం పెళ్ళికెళ్ళే మొహమే. తలకు రుమాలు చుట్టుకుని, కాటెల్లో వెనక ఎక్కి, అతని నడుము చుట్టూ చేతులు బిగించేది. "మెల్లిగా పోనియ్యరా, నేను మరియమ్మ దగ్గరికి పోవడానికి ఇంకా టైముంది" అని దారంతా గొణుగుతూ ఉండేది. పోజోరియాలే జైలు గోడ వెనక వీధిలో ఆదివారం నాడు జాతరే. పెళ్ళాలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు తలలెత్తి పేర్లు పెట్టి అరుస్తారు. పాపకి పళ్ళొచ్చాయని ఒకావిడ, నీ తమ్ముడు పరీక్ష తప్పాడని ఇంకొకావిడ. ఎర్సీలియాకు అంత గొంతు లేదు. ఆమె తరపున గుజ్జీ పలికేది. కాటెల్లో ముమ్మారు గట్టిగా మోగించేవాడు. పై అంతస్తు కిటికీ ఊచల్లోంచి ఒక తెల్ల తువ్వాలు బయటికొచ్చి గాలిలో ఊగేది. అంతే. ఆ తువ్వాలు చూసుకుని ఆమె వారమంతా బతికేది.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. వానలు కూడా విడవకుండా పట్టుకున్నాయి. ఆమె బండి మీద కప్పిన దుప్పటి తడిస్తే మార్చేది, తన మీదున్న శాలువా తడిస్తే పట్టించుకునేది కాదు. దగ్గు మొదలైంది. డాక్టరు వచ్చి వీపు మీద గొట్టం పెట్టి విని, "అమ్మా, మీరు వీధిలో కూర్చోవడం మానకపోతే వసంతం చూడరు" అని మొహం మీదే చెప్పాడు. ఆమె తల ఊపి, అతను సందు మలుపు తిరగ్గానే మళ్ళీ కుర్చీ దగ్గరికి వచ్చింది.

కాటెల్లో కాళ్ళావేళ్ళా పడ్డాడు. తన కొట్టులో పెడతానన్నాడు. "నీ కొట్టు తలుపు నా పళ్ళకంటే అధ్వాన్నం. పోయినేడు రెండుసార్లు పగలగొట్టారు, మర్చిపోయావా?" అంది. అదీ నిజమే.

చివరికి ఒక బుధవారం, ఆమెకు జ్వరంగా ఉన్న వారం, ములాఖత్‌కు ఒంటరిగా వెళ్ళి సబాతోకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నావల్లేనన్నమాట" అన్నాడు సబాతో. "ఆ రోజు ఆ బండి మీద పనికి పోతానన్న కూత నేనెందుకు కూశాన్రా? ఆ ముండ బండి నాకొద్దురా కాటెల్లో. అమ్మ కావాలి."

"అమ్మెయ్యమని నువ్వే చెప్పు."

"చెప్పలేదనుకున్నావా? కిందటిసారే చెప్పాను. ఇక్కడ చదువుకున్న బుద్ధులేనా ఇవి అని నన్నే తిట్టింది." మొహం తుడుచుకున్నాడు. "దాన్ని లేపెయ్."

"ఏమిటీ?"

"దొంగతనం చెయ్యి. బండి లేకపోతే కాపలా ఉండదు. రెండ్రోజులు ఏడుస్తుంది, తర్వాత లోపలికెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంటుంది. తాళానికి రెండో చెవి గూట్లో మరియమ్మ పటం వెనక ఉంది. జైలుకి రాకముందు, తాళం కొన్నరోజే పెట్టాను, అమ్మకి తెలీదు. సందులో ఎవరూ లేనప్పుడు చూసి తీసుకుపో. ఎక్కడన్నా దాచు." బల్ల మీదికి వంగాడు. "ఒక్కటే మాట. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ బండి మళ్ళీ రోడ్డు మీదికి రాకూడదు. ఒకవేళ ఎప్పుడైనా ఈ గోడ దగ్గర ఆ గొంతు నాకు వినబడిందంటే, మా అమ్మ పోయిందనే అనుకుంటాను. వేరే కబురు పంపక్కర్లేదు."

కాటెల్లో సరేనన్నాడు. అనకపోతే ఏం చేస్తాడు?

తితీనా అత్తగారు పోయినప్పుడు ఆ అవకాశం వచ్చింది. మా పేటలో చావు ఊరేగింపుకు వెళ్ళకపోతే ఇంక పరువు మిగలదు. పట్టపగలే సందు ఖాళీ అయింది. ఎర్సీలియా కూడా, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ, శవపెట్టె వెనక నడిచింది. కాటెల్లో చర్చి దాకా నడిచి, అక్కడినుంచి జారుకున్నాడు. పటం వెనక చెవి దొరికింది. నీలం పైటావిడ కళ్ళలోకి చూడకుండా తాళం తీశాడు. బండి తోసుకుని రెండు సందులు దాటి, స్టార్టు చేసి, ఊరవతల అఫ్రగోలాలో తన బావమరిది కోళ్ళ షెడ్డు దాకా ఆగకుండా పోయాడు.

కానీ ఒక పొరపాటు చేశాడు. మా పేటవాడు తప్ప మరొకడు చెయ్యని పొరపాటు. గొలుసును నేలమీద పారేయలేకపోయాడు. మరియమ్మ పాదాల దగ్గర అలా చెత్తలా వదిలేయడానికి చేతులు రాలేదు. పైగా సబాతో మాట ఒకటి చెవుల్లో నాటుకుపోయింది, గొలుసు నేలకి తగలకూడదని. అందుకని చక్కగా మడిచి, ఊచలకు తగిలించి, తాళం మళ్ళీ వేసి వెళ్ళాడు.

చావు నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళంతా ఖాళీ చోటు చూసి గుండెలు బాదుకున్నారు. తితీనా తన అత్తగారిని కూడా మర్చిపోయి దొంగల వంశాన్ని ఏడు తరాలు తిట్టింది. ఎర్సీలియా ఏడవలేదు. ఊచల దగ్గరికి వెళ్ళి గొలుసును చేత్తో తడిమింది.

"చూడండే" అంది. "కోసిపారెయ్యలేదు. మడిచి పెట్టాడు. తాళం వేసి పెట్టాడు. వీడెవడో మరియమ్మకి భయపడేవాడు. ఇది తిరుగు గుర్రమే!"

అప్పుడే తిరిగొచ్చి గుంపులో నిలబడ్డ కాటెల్లో ఆ మాట విన్నాడు. తిరుగు గుర్రం అంటే మా దగ్గర తెలియనివాడు లేడు. బండిని కాజేసినవాడు రెండు మూడు రోజులాగి మనిషిని పంపిస్తాడు. ఇంత ముట్టజెపితే మీ బండి ఫలానా చోట కనిపిస్తుందంటాడు. పోలీసుల దాకా ఎవరూ పోరు. ఇచ్చినవాడికి గుర్రం తిరిగొస్తుంది. కాకపోతే ఆ మనిషి ఎప్పుడూ ఇంటి తలుపు తట్టడు. బండి పోయినచోటే, నడుస్తూ నడుస్తూ చెవిలో ఒక మాట వేసి పోతాడు.

"అయితే నువ్వు లోపల ఉండు పిన్నీ, ఎవరైనా వస్తే నేను..."

"నిన్ను చూస్తే వాడు వస్తాడా? మొహం చూస్తేనే మెకానిక్కువని తెలుస్తోంది. నన్ను చూస్తే ముసలి ముండ అని ధైర్యంగా వస్తాడు."

ఆమె చెవులకున్న బంగారు పోగులు తీసి చేతిరుమాల్లో ముడేసి రవికలో దోపుకుంది. కుర్చీని ఇదివరకు బండి ఉన్న చోటులోకే జరిపింది, వేరేవాళ్ళు బండి పెట్టకుండా. ఇదివరకు పక్కనున్న బండి గాలిని కాస్తయినా అడ్డేది. ఇప్పుడదీ లేదు. ఇదివరకు వంట చెయ్యడానికైనా లేచేది. ఇప్పుడు కబురు తెచ్చేవాడు సరిగ్గా ఆ నిమిషానే వచ్చి పోతాడేమోనని తితీనా చేత రొట్టెముక్క తెప్పించుకుని అక్కడే తినేది. వానలో గొడుగు కింద, ముడుచుకుని, సందులోకి వచ్చిన ప్రతి కొత్త మొహాన్నీ కళ్ళతో పలకరిస్తూ ఉండేది.

ఆ గొలుసును కోసి ముక్కలు చేసి నేలమీద పారేసి ఉంటే, ఆ బండి ఇక రాదని ఏడ్చి, ఈపాటికి పొయ్యి పక్కన ఉండేది. కాటెల్లో తన చేతుల్ని తనే తిట్టుకున్నాడు.

ఆదివారం వచ్చింది.

"సబాతోకి తెలియకూడదు" అంది ఆమె. "తెలిస్తే లోపల ఏం చేసుకుంటాడో. నీ కొట్లో దాని గొంతుకి దగ్గరగా ఉండే బండి ఏదైనా ఉందా?"

"పిన్నీ, వాడు గుర్తుపడతాడు. వాడు చేత్తో కట్టిన ఇంజనది."

"అంత ఎత్తులోంచి ఏం వినిపిస్తుందిరా? నువ్వు గట్టిగా మోగించు, అంతే."

తితీనా అల్లుడి బండి అడిగి తెచ్చాడు. దాని వెనక గొట్టంలో ఉన్నదేదో పీకేసి బొంగురు గొంతు తెప్పించాడు. మోగిస్తే జలుబు చేసిన మేకలా ఉంది. జైలుకెళ్ళే ఆ కాస్సేపూ కుర్చీలో తితీనా కూర్చునేది. గోడ కింద నిలబడి ముమ్మారు మోగించాడు. క్షణం ఆలస్యంగా తువ్వాలు బయటికొచ్చింది. ఊగింది. ఎర్సీలియా అతని వీపుకు మొహం ఆన్చి, "తెలీలేదురా, తెలీలేదు" అని ఏడ్చింది.

బుధవారం ములాఖత్‌లో సబాతో ఎదుట ఆమె మొహం నిండా నవ్వు పులుముకుని కూర్చుంది.

"బండి గొంతు బాగుందమ్మా" అన్నాడు కొడుకు.

"బాగుండదూ? కాటెల్లో నూనె మార్చాడు."

"నువ్వు ఇంకా వీధిలో కూర్చుంటున్నావా?"

"నాకేం పట్టింది నాయనా? తితీనా అల్లుడు చూసుకుంటున్నాడు. నేను పొయ్యి పక్కనుంచి కదిలితే ఒట్టు."

ఆమె వెనక్కి తిరిగి రుమాలు సర్దుకుంటుంటే సబాతో కాటెల్లో వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, మనసు కుదుటపడిన నీళ్ళు. "లోపలే ఉంటోంది కదా?" అని పెదవులతో అడిగాడు. తల్లి దుఃఖం దిగమింగి తన కోసం నాటకమాడుతోందని, కాకపోతే వెచ్చగా ఉందని అతను అనుకుంటున్నాడు. కాటెల్లో తల ఊపాడు. పిరికితనమో, ప్రేమో, ఏ పేరు పెడితే ఏముంది, ఊపిన తల వెనక్కి రాదు.

కబురు తెచ్చే మనిషి రాలేదు. ఎక్కడినుంచి వస్తాడు? క్రిస్మస్ ముందు ఒకరోజు ఆమె కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. తితీనా, కాటెల్లో మోసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు ఆస్పత్రి అన్నాడు, వెంటనే అన్నాడు. ఆమె మంచం కోడు పట్టుకుంది.

"నేను పోతే ఆ చోట ఎవరుంటారు? ఈలోపు వాడొస్తే? చావనైనా చస్తాను గానీ కదల్ను."

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా" అంది తితీనా. పట్టుకుంది కూడా.

"గుర్రం తిరిగొస్తే పోతాను. అప్పటిదాకా నన్ను అడగొద్దు."

కాటెల్లో బయటికొచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. సబాతోకిచ్చిన మాట ఒకవైపు, లోపల ఈల వేస్తున్న ఆ ఊపిరి ఒకవైపు. ఇంకేం ఆలోచించలేదు. శనివారం పొద్దున్నే అఫ్రగోలా వెళ్ళి, కోడిరెట్టలు కడిగి, బండిని తెచ్చి, సందు మొదటినుంచే మోగించుకుంటూ వచ్చి మరియమ్మ గూటి కింద ఆపాడు. కిటికీలన్నీ తెరుచుకున్నాయి, మొదటిసారి అది లేచినరోజులాగే.

ఎర్సీలియా దిండు మీద తల తిప్పింది. మొహం వెలిగిపోయింది. "చెప్పానా! ఏమే తితీనా, చెప్పానా లేదా?" రవికలోంచి ముడి తీసింది. "ఎంత అడిగారు? ఈ పోగులిచ్చెయ్."

"ఏమీ అడగలేదు పిన్నీ. సందు మొగలో వదిలేసి పోయారు."

"ఏమీ అడగలేదా?" నోరు తెరుచుకుంది. "అయితే ఇవి మరియమ్మవి. ఊచలకి కట్టెయ్."

అతను చెప్పుకోవాల్సింది అప్పుడే. చెప్పలేకపోయాడు. ఆమె జన్మలో ఎన్నడూ అంత సంతోషించి ఉండదు.

"ఇంక ఆస్పత్రికి పోదామా?"

"రేపు ఆదివారం కదరా. ముందు వాడికి అసలు గొంతు వినిపించిరా. ఇన్నాళ్ళూ బిడ్డని మోసం చేశాను. నువ్వు తిరిగొచ్చి తువ్వాలు ఊపాడని చెప్పు, అప్పుడు పోతాను."

"పిన్నీ, ఈ వారానికి తితీనా అల్లుడి బండే తీసుకెళ్తాను..."

"ఏం? దీనికేమైంది?" గబుక్కున లేవబోయి దగ్గుతో విరుచుకుపడింది. "ఏదన్నా చెడగొట్టారా?"

"ఏం చెడగొట్టలేదు. తీసుకెళ్తాను. పడుకో పిన్నీ."

మోసం చేద్దామని కూడా అనుకున్నాడు. ఈ బండి తీసి, దారిలో మార్చి, మేక గొంతు దాన్ని తీసుకెళ్దామని. కానీ తితీనా అల్లుడు ఆదివారం ఉదయమే దాని మీద అత్తింటి చుట్టాలను దింపడానికి పోయాడు. అసలు వెళ్ళకుండానే వెళ్ళానని అబద్ధం చెప్పొచ్చు. అయితే తువ్వాలు పట్టుకుని బండి మోత కోసం చెవులు రిక్కించేవాడు అటు ఒకడున్నాడు. ఏమీ వినబడకపోతే వాడేమనుకుంటాడు? గోడ కింద నిలబడి అరిచి చెబుదాం, అమ్మ బతికే ఉందని అరుద్దాం అనుకున్నాడు. అందరూ అరిచేదక్కడేగా.

వీధి మలుపు తిరిగేసరికే పైన తువ్వాలు ఊచల్లోంచి బయటికి వేలాడుతూ కనబడింది. ముందే సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. కాటెల్లో ఇంజను ఆపేసి బండిని తోసుకొద్దామనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చేటప్పటికే ఆలస్యమైంది. ఆ గొంతు ఆ ఎత్తు గోడల మధ్య ఒకసారి మోగితే చాలు. తువ్వాలు ఆగిపోయింది. తర్వాత మెల్లిగా, ఎవరో లాగినట్టు, లోపలికి పోయింది.

"సబాతో! అమ్మ బతికే ఉంది! సబాతో!"

ఆ హోరులో అతని గొంతు ఎవరికి వినబడుతుంది? పక్కనున్న ఒక లావుపాటి ఆవిడ చెయ్యి పట్టుకుని బతిమాలాడు. ఆవిడ గొంతు తెరిస్తే పావురాలు లేచాయి. ఆమెతోపాటు ఇంకో ఇద్దరు, వాళ్ళతోపాటు వీధి అంతా, ఎవరో ఏమిటో తెలియకుండానే, "సబాతో, మీ అమ్మ బతికే ఉంది!" అని అరిచారు. వేరే కిటికీల్లోంచి చేతులు ఊగాయి. ఆ కిటికీ ఖాళీగానే ఉంది. ఇక ఊచల దగ్గరికి ఎవరూ రాలేదు.

కాటెల్లో తిరిగొచ్చేసరికి అంబులెన్సు సందు మొగలో నిలబడి ఉంది. ఎర్సీలియాను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతున్నారు. ఆ కుర్చీ అదే, వీధిలోదే. కాటెల్లోను చూడగానే చెయ్యి చాచింది.

"ఊపాడా?"

"ఊపాడు పిన్నీ."

"గుర్తుపట్టాడా?"

"పట్టకపోవడమేమిటి? రెండు చేతులతో ఊపాడు."

ఆమె నవ్వింది. "ఇన్ని వారాలూ ఒక్క చేత్తోనే ఊపేవాడు. అనుమానం ఉండేది వెధవకి." అతని చెంప మీద తట్టింది. "గొలుసు నేలకి తగలనివ్వకు. రంధ్రం కిందికి ఉండాలి. నేనొచ్చేదాకా నువ్వు కూర్చో."

కాటెల్లోకు సోమవారమంతా ఆస్పత్రిలోనే గడిచిపోయింది. ఆమె పక్కన వేరే ఎవరున్నారు? ఎల్లుండి బుధవారం, ములాఖత్‌లో సబాతోకు అన్నీ చెప్పుకుందాంలే అనుకున్నాడు. మంగళవారం తెల్లవారకముందే ఆమె పోయింది.

ఆ పొద్దున్నే జైలు ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. ఆస్పత్రి నుంచి కబురంది ఫాదర్ అప్పటికే పైకి, సబాతో దగ్గరికి వెళ్ళి దిగాడు. ముసలాయన, మంచివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు.

"వింతగా ఉంది నాయనా. నేను చెప్పబోతే తనే ఆపాడు. నాకు తెలుసు ఫాదర్, ఆదివారమే విన్నాను అన్నాడు. ఆదివారం ఆమె ఉంది కదా? గడ్డం గీసుకోకుండా, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండ్రోజులుగా అన్నం ముట్టలేదట." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "తల్లి సంగతి సోమవారమైనా నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, ఆస్పత్రిలో ఉందని కనుక్కుని, జడ్జీతో మాట్లాడి ఒక గంటైనా తీసుకెళ్ళేవాణ్ణి. చివరి చూపు దక్కేది. అడగనే లేదు."

కాటెల్లో లేచి బయటికొచ్చాడు.

సందులోకి వచ్చాడు. వాన జల్లు పడుతోంది. బండి మీద దుప్పటి తడిసిపోయింది. తీసి పిండి మళ్ళీ కప్పాడు. ఊచలకు కట్టిన చేతిరుమాలు ముడి అలాగే ఉంది. ఎవరూ ముట్టలేదు. తితీనా గుమ్మంలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"లోపలికి రారా. చలి" అంది.

"రానక్కా" అన్నాడు. "పిన్ని కూర్చోమంది."

కుర్చీ లాక్కుని గొలుసు పక్కన కూర్చున్నాడు.